రైలు కట్ట ఎక్కండి

ఇంగ్లండుకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఎవరైనా "సైకిల్ తొక్కాలని ఉంది గానీ ఈ రోడ్లంటే భయమండీ" అంటే నేను చెప్పే మాట ఒకటే. రోడ్డు జోలికే వెళ్ళకండి, రైలు కట్ట ఎక్కండి.

రైళ్ళు నడిచే కట్ట కాదు, రైళ్ళు ఆగిపోయిన కట్ట. ఈ దేశంలో అలాంటివి చాలా ఉన్నాయి. 1963లో రిచర్డ్ బీచింగ్ అనే ఆయన నష్టాల్లో ఉన్న రైల్వే గురించి ఒక రిపోర్టు ఇచ్చాడు. రెండు వేలకు పైగా స్టేషన్లు, ఐదు వేల మైళ్ళ లైన్లు మూసేయమన్నాడు. చాలావరకు మూసేశారు కూడా. పట్టాలు పీక్కుపోయారు, కట్టలూ వంతెనలూ సొరంగాలూ అలాగే మిగిలిపోయాయి. వాటిలో కొన్నిటి మీద తర్వాత తారు పోసి, నడిచేవాళ్ళకీ సైకిళ్ళవాళ్ళకీ ఇచ్చారు. కార్లు రావు, మోటారు సైకిళ్ళు రావు. ఊళ్ళు, పొలాలు, చెట్లు, వాగులు దాటుకుంటూ పోవడమే.

నేనుండేది బ్రిస్టల్‌కి తూర్పు వైపు. ఇంట్లోంచి బయటపడితే పది నిమిషాల్లో బ్రిస్టల్–బాత్ రైల్వే పాత్ మీద ఉంటాను. బ్రిస్టల్ నుంచి బాత్ అనే ఊరి దాకా పదమూడు మైళ్ళు, అంటే సుమారు ఇరవై ఒక్క కిలోమీటర్లు. మాది ద్రాక్షారామం దగ్గర పల్లెటూరు. నాన్నగారి పెద్ద సైకిల్ అడ్డకమ్మీ కింద నుంచి కాలు దూర్చి, అడ్డతొక్కుడుతో కాలవగట్టు మీద నేర్చుకున్నదాన్ని. హైస్కూలుకీ సైకిలే, ట్యూషన్‌కీ సైకిలే. తర్వాత హైదరాబాద్ చదువు, ఉద్యోగం, ఆ ట్రాఫిక్. సైకిల్ ఎప్పుడు వదిలేశానో కూడా తెలియకుండా వదిలేశాను. మళ్ళీ చేతికి హ్యాండిల్ వచ్చింది నలభై దాటాక, ఈ కట్ట మీదే.

రైలు కట్టే ఎందుకంటే, ముందు మోకాళ్ళ సంగతి చెప్పాలి. ఇనప చక్రం ఇనప పట్టా మీద ఎత్తు ఎక్కాలంటే జారిపోతుంది. అందుకని ఆ రోజుల్లో లైను వేసినవాళ్ళు కొండ వస్తే తవ్వారు, పల్లం వస్తే మట్టి పోశారు, అదీ కుదరకపోతే సొరంగం వేశారు. ఎక్కడా ఒక్కసారిగా ఎత్తు రానివ్వలేదు. బొగ్గు ఇంజను కోసం పడ్డ ఆ శ్రమంతా ఇప్పుడు మన కాళ్ళకి కలిసొస్తోంది. బ్రిస్టల్ గుట్టల ఊరు, మామూలు రోడ్ల మీద రెండు వీధులు తిరిగేసరికి ఆయాసం వస్తుంది. ఈ దారిలో మాత్రం సిటీ నుంచి మాంగట్స్‌ఫీల్డ్ దాకా నెమ్మదిగా ఎక్కుతుంది, ఎక్కుతున్నట్టు కాళ్ళకి తెలుస్తుంది గానీ దిగి తోయాల్సిన పని ఉండదు. అక్కణ్ణించి బాత్ వైపు హాయిగా దిగుడే.

రెండో సంగతి నాకు ఇంకా ముఖ్యం. ఇక్కడ పక్కపక్కన తొక్కచ్చు. రోడ్డు మీదైతే ఒకరి వెనక ఒకరు, వెనక కారు వస్తోందేమోనని చెవులు రిక్కించుకుని పోవాలి. మాటలుండవు. ఈ కట్ట మీద మా పాపకి స్కూల్లో ఏం జరిగిందో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో అన్నీ తెలుసుకున్నది సైకిల్ మీదే. ఇంట్లో అడిగితే "ఏం లేదమ్మా" అనే పిల్ల, ఇక్కడ చూపు ముందుకి పెట్టి తొక్కుతూ గంటసేపు చెబుతుంది. ఎదురుగా కూర్చుని అడగడం కన్నా పక్కన సాగుతూ వినడమే పిల్లలకి తేలికేమో అనిపిస్తుంది. ఎదురు ఎవరైనా వస్తే ఒకరం వెనక్కి తగ్గుతాం, వాళ్ళు దాటగానే మళ్ళీ పక్కకి.

దారి గురించి చెప్పాలంటే సిటీ ముక్క త్వరగా దాటేయచ్చు. గోడల మీద రంగుల బొమ్మలు, ఇళ్ళ వెనక పెరళ్ళు, ఆఫీసులకి పోయేవాళ్ళ హడావిడి. పొద్దున ఎనిమిదింటికి ఇక్కడ రద్దీ బాగానే ఉంటుంది, కొత్తవాళ్ళు ఆ వేళ రాకండి. అసలు మజా స్టేపుల్ హిల్ సొరంగంతో మొదలవుతుంది. దాదాపు 470 మీటర్లు. ఆ మార్గం 1835లో తెరిచినప్పుడు దాని మీద ఇంజన్లు నడవలేదు, గనుల నుంచి బొగ్గు బండ్లని గుర్రాలు లాగేవి. లోపల దీపాలుంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం కూడా లోపలికి వెళ్ళగానే చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడేంత చల్లదనం. పైకప్పు ఇటుకల సందుల్లోంచి నీళ్ళు కారుతూ ఉంటాయి, మెడ మీద ఒక చుక్క పడకుండా బయటికి రావడం కష్టం. మధ్యలో బెల్ కొడితే ఆ మోత ముందుకి పోయి మళ్ళీ వెనక్కి వస్తుంది. పిల్లలందరూ కేకలు వేస్తారు, ఎవరూ ఏమీ అనరు.

సొరంగం దాటాక మాంగట్స్‌ఫీల్డ్ పాత స్టేషన్. పైకప్పు లేదు, రాతి గోడలు, కిటికీల ఖాళీలు, ప్లాట్‌ఫారం అంచు మిగిలాయి. ఆ పైన వార్మ్‌లీ. ఇక్కడ పాత వెయిటింగ్ రూమ్‌లో టీ దొరుకుతుంది, సిగ్నల్ బాక్సు కూడా అలాగే ఉంచారు. ఇంకొంచెం పోతే బిట్టన్. అక్కడ మాత్రం పట్టాలు మళ్ళీ వేసి, వాలంటీర్లు ఆవిరి రైలు నడుపుతారు. కొంత దూరం సైకిల్ దారీ పట్టాలూ పక్కపక్కనే పోతాయి.

మా అమ్మ వచ్చినప్పుడు బిట్టన్‌కి తీసుకెళ్ళాను. తను సైకిల్ నేర్చుకోలేదు. నేను తోసుకుంటూ, తను నడుస్తూ పోతున్నాం. ఇంజను పక్కనుంచి పోయింది. పొగ మా మీదికి రాగానే అమ్మ ఆగిపోయింది. "అమ్మడూ, ఇది సామర్లకోట వాసనే" అంది. చిన్నప్పుడు తాతగారితో రైలెక్కడానికి సామర్లకోట స్టేషన్‌కి వెళ్ళినప్పటి బొగ్గు వాసన. కంట్లో నలుసు పడుతుందని కిటికీ పక్కన కూర్చోనిచ్చేవారు కాదట. తర్వాత బెంచీ మీద కూర్చుని దారిన పోయేవాళ్ళని చూస్తూ ఉంది. మూడు చక్రాల సైకిల్ మీద ఒక పెద్దావిడ, ఎనభై ఏళ్ళు ఉంటాయి, ముందు బుట్టలో కుక్కపిల్లని పెట్టుకుని పోతోంది. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం "నాకూ అలాంటిది దొరుకుతుందా?" అని అడిగింది. అద్దెకి దొరికింది. ఎండ కాసిన రోజున బిట్టన్ నుంచి సాల్ట్‌ఫర్డ్ వైపు చీర కుచ్చెళ్ళు దోపుకుని మా అమ్మ తొక్కింది. ఆ వీడియో మా చుట్టాల గ్రూపుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

ఈ దారి ఎవరో పైనుంచి శాంక్షన్ చేస్తే వచ్చింది కాదు, అది నాకు బాగా నచ్చే విషయం. ఈ లైనులో ప్రయాణికుల రైళ్ళు 1966 మార్చిలో ఆగిపోయాయి. 1977లో బ్రిస్టల్‌లో కొందరు సైకిల్ ప్రియులు కలిసి సైకిల్‌బ్యాగ్ అని ఒక బృందం పెట్టుకున్నారు. జాన్ గ్రిమ్‌షా అనే ఇంజనీరు ముందుండి నడిపించాడు. 1979 వేసవిలో పారలు పట్టుకుని బాత్ వైపు నుంచి బిట్టన్ దాకా మొదటి ముక్క వాళ్ళే వేసుకున్నారు. 1986కల్లా మొత్తం పూర్తయింది. ఆ బృందమే తర్వాత సస్‌ట్రాన్స్ అనే పెద్ద సంస్థ అయింది, దేశమంతటా నేషనల్ సైకిల్ నెట్‌వర్క్ మొదలుపెట్టింది. మా దారికి అందులో నంబర్ 4. నీలం బోర్డు మీద ఎర్ర గడిలో తెల్ల అంకె కనిపిస్తే మీరు సరైన దారిలో ఉన్నట్టు.

దారి వేసినంత మాత్రాన నిలుస్తుందని కాదు. 2008లో ఈ దారి మీదుగా బస్సులు నడపాలని ఒక ప్లాన్ వచ్చింది. వేలమంది సంతకాలు పెట్టారు, ఊరేగింపులు తీశారు, ప్లాన్ పక్కన పెట్టేశారు. అప్పటికి నేను ఇక్కడ లేను. ఆ సంతకాలు పెట్టినవాళ్ళలో కొందరు మా వీధిలోనే ఉన్నారు, వాళ్ళని చూసినప్పుడల్లా దండం పెట్టాలనిపిస్తుంది.

చెట్ల గురించి చెప్పాలి. ఈ దారికి రెండు వైపులా అంత పచ్చదనం చూసి, పాత అడవిలోంచి రైలు వేశారనుకుంటారు అందరూ. నిజానికి ఆవిరి ఇంజన్ల కాలంలో కట్ట పక్కన చెట్లు పెరగనిచ్చేవారు కాదు. ఇంజన్ నిప్పురవ్వలకి అంటుకుంటాయని కోసేసేవారు. రైళ్ళు ఆగాకే ఈ చెట్లన్నీ వచ్చాయి. ఎవరూ నాటకుండానే యాష్, సైకమోర్, హాథార్న్, వాటి కింద ముళ్ళ బ్లాక్‌బెర్రీ పొదలు. అంటే చాలా చెట్లు మా అక్క వయసువి, నా వయసువి. ఏప్రిల్‌లో నీడ చోట్ల అడవి వెల్లుల్లి పూస్తుంది, తెల్ల పూలు కనబడక ముందే తాలింపు వాసన వచ్చేస్తుంది. ఆగస్టు చివర్లో, సెప్టెంబర్‌లో బ్లాక్‌బెర్రీలు. డబ్బా పెట్టుకెళ్ళండి. నడుము ఎత్తు కంటే పైనవి కోసుకోండి, కింద కుక్కలు తిరుగుతాయి. నవంబర్‌లో మాత్రం జాగ్రత్త, తడి ఆకుల మీద బ్రేకు గట్టిగా పట్టకూడదు. ఇప్పుడు యాష్ చెట్లకి ఒక బూజు తెగులు దేశమంతా పాకింది. దారి పక్కన ఎండిపోయి పడిపోయేలా ఉన్నవాటిని కొట్టేయక తప్పడం లేదు. కట్ట మీద ఒకేసారి వెలుగు పడ్డ ఖాళీ కనిపిస్తే చాలాసార్లు కారణం అదే.

బాత్ చేరాక ఆగిపోవచ్చు. ఓపికుంటే ఆగకండి. ఊరికి దక్షిణాన టూ టన్నెల్స్ గ్రీన్‌వే ఉంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. సోమర్సెట్ అండ్ డోర్సెట్ రైల్వే అని, అదీ 1966 మార్చిలోనే మూతపడింది. దాని రెండు సొరంగాలు దాదాపు యాభై ఏళ్ళు మూసే ఉన్నాయి. మళ్ళీ తెరిచింది 2013 ఏప్రిల్‌లో. మొదటిది డెవన్‌షైర్ సొరంగం, 400 మీటర్ల పైచిలుకు. అది దాటగానే లింకమ్ వేల్ అనే చిన్న లోయ. రెండు వైపులా నిటారుగా చెట్లు, కింద ఎక్కడో వాగు చప్పుడు. వెలుగు ఆకుల్లోంచి పచ్చగా పడుతుంది. అక్కడ ఎంతసేపు ఆగినా విసుగు రాదు. ఆగి ఊపిరి పీల్చుకుంటే రెండోది మొదలు. కోమ్ డౌన్ సొరంగం, 1,672 మీటర్లు. మైలుకి పైనే. బ్రిటన్‌లో సైకిల్ మీద వెళ్ళగలిగే సొరంగాల్లో ఇంత పొడుగైనది లేదు.

లోపల గోడ కింది భాగంలో దీపాలు వరసగా ఉంటాయి. కొంత దూరం పోయాక అటు ద్వారమూ కనబడదు, ఇటు ద్వారమూ కనబడదు. మధ్య భాగంలో గోడ గూళ్ళలోంచి తీగ వాయిద్యాల సంగీతం వినిపిస్తుంది. అలా వినిపించేలా ఒక కళాకారిణి చేసిన ఏర్పాటు అది. మనం దగ్గరికి వెళ్ళేకొద్దీ స్వరం పెరిగి, దాటాక మెల్లగా తగ్గుతుంది. మొదటిసారి మావారు సైకిల్ దిగి గోడకి చెవి ఆనించి నిలబడ్డారు.

ఈ సొరంగానికి ఒక బరువైన కథ ఉంది. గాలి పోవడానికి పైకి బిలాలు లేవు, వెడల్పు ఒక్క లైనుకే సరిపోయేంత. 1929 నవంబర్‌లో ఒక గూడ్సు బండి చాలా నెమ్మదిగా ఇందులోంచి పోతుండగా, పొగకి డ్రైవరూ ఫైర్‌మనూ స్పృహ తప్పారు. బండి ఎలాగో బయటికి వచ్చి, దిగుడులో అదుపు లేకుండా పరుగెత్తి బాత్ గూడ్సు యార్డులో బోల్తా పడింది. ముగ్గురు పోయారు. అది తెలిసినప్పటి నుంచీ సొరంగం మధ్యలో ఉన్నప్పుడు నాకు ఆ ఇంజను క్యాబిన్‌లో ఉన్న మనుషులు గుర్తొస్తారు. ఇప్పుడు అక్కడ గాలి చల్లగా, మట్టి వాసనతో ఉంటుంది.

బయటపడితే టకింగ్ మిల్ వయాడక్టు అనే పాత రైలు వంతెన, ఆ తర్వాత మిడ్‌ఫర్డ్. అక్కణ్ణించి కొంచెం మామూలు పల్లె రోడ్డు మీద పోయి కెనెట్ అండ్ ఏవన్ కాలవ పట్టుకుంటే, డండస్ దగ్గర ఒక వింత కనిపిస్తుంది. కింద నది, దాని మీద రాతి వంతెన, ఆ వంతెన మీద కాలవ. 1805 నుంచి అలాగే ఉంది. కాలవగట్టు వెంబడి మళ్ళీ బాత్‌కి వచ్చేయచ్చు. అంతా కలిపి పదమూడు మైళ్ళ చుట్టు.

కాలవగట్టు అనగానే గోదావరి వాళ్ళకి మనసు ఆగదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర కాలవలు సాగునీటికే కాదు, పడవలకీ దారులయ్యాయి. గాలి లేనప్పుడు పడవకి తాడు కట్టి మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవారు. ఇక్కడ ఆ పని గుర్రాలు చేశాయి. గట్టు ఉన్నది అందుకే. కొన్ని వంతెనల మూలల్లో తాడు రాపిడికి రాయి అరిగి పడ్డ గాడులు ఉంటాయి, వాటిలో నా వేలు సరిగ్గా పట్టింది. మా ఊరి లాకుల దగ్గర అలాంటివి ఉన్నాయేమో ఎప్పుడూ చూడలేదు, ఈసారి వెళ్ళినప్పుడు చూడాలి.

మా ఊరి గురించి ఇంకో మాట. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వచ్చింది. 1940లో యుద్ధం కోసమని పట్టాలు పీకేశారు. అరవై ఏళ్ళు పైన గడిచాక 2004లో మళ్ళీ రైలు వచ్చింది. అది రావాల్సిందే, నాకు సంతోషమే. నేను కోరుకునేది ఆ కట్ట కాదు, కాలవగట్లు. డెల్టాలో వందల కిలోమీటర్ల గట్లు సిద్ధంగా ఉన్నాయి, చదునుగా, కొబ్బరిచెట్ల నీడతో. వాటిలో ఒక్క ముక్కని, రెండు ఊళ్ళ మధ్య ఒక పది కిలోమీటర్లని, బండ్లు రాకుండా ఆపి, బడికి పోయే ఆడపిల్లల సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ వదిలితే చాలు. కొత్తగా భూమి కొనక్కర్లేదు. ఇక్కడ పారలతో మొదలుపెట్టినవాళ్ళని చూశాక అది జరగని పని అని ఎవరన్నా నేను నమ్మను.

ఇక్కడా అన్నీ బాగున్నాయని కాదు. నెట్‌వర్క్ అని పేరున్న చాలా చోట్ల చక్కటి దారి ఉన్నట్టుండి ఆగిపోయి, మిమ్మల్ని అరవై మైళ్ళ వేగంతో కార్లు పోయే రోడ్డు మీద వదిలేస్తుంది. 2020లో అలాంటి రోడ్డు ముక్కలు బాగోలేవని ఒప్పుకుని నెట్‌వర్క్‌లోంచి సుమారు నాలుగో వంతు తీసేశారు, అది నిజాయితీ పనే. ఇంకో బాధ అడ్డుగేట్లు. మోటారు సైకిళ్ళు రాకుండా పెట్టిన ఇనప గేట్ల మధ్య మూడు చక్రాల సైకిల్ దూరదు, పిల్లల ట్రెయిలర్ దూరదు, వీల్‌చెయిర్ అసలే దూరదు. అమ్మతో వెళ్ళిన ఒక దారిలో అలాంటి గేటు దగ్గర వెనక్కి తిరగాల్సి వచ్చింది. ఎవరి కోసం ఈ దారి అయితే ఎక్కువ అవసరమో వాళ్ళనే ఆపే గేటు అది. కౌన్సిల్‌కి రాస్తూనే ఉన్నాను, మీ దగ్గర ఉంటే మీరూ రాయండి.

అచ్చంగా అడవే కావాలంటే సెవర్న్ నది దాటి ఫారెస్ట్ ఆఫ్ డీన్‌కి వెళ్ళండి. బొగ్గు గనుల రైళ్ళు తిరిగిన కట్టల మీద పదకొండు మైళ్ళ గుండ్రటి దారి ఉంది. తారు కాదు, గట్టిపరిచిన కంకర. పాత స్టేషన్ల పేర్లే ఇప్పటికీ గుర్తులు. మే మొదట్లో చెట్ల కింద నేల కనబడనంతగా బ్లూబెల్స్ పూస్తాయి. అక్కడ అడవిపందులు స్వేచ్ఛగా తిరుగుతాయి. నాకు ఎదురుపడలేదు గానీ, దారి అంచున గడ్డి నేలంతా నాగలి పెట్టి దున్నినట్టు తిరగబడి ఉంటుంది, రాత్రి అవి తిరిగిన గుర్తు. పిల్లల్ని దగ్గరగా ఉంచుకోండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు బిట్టన్ నుంచి బాత్ వైపు వెళ్ళండి. ఐదు మైళ్ళు, తారు, దిగుడు, మధ్యలో ఏవన్ నది మీద వంతెనలు. ఖరీదైన సైకిల్ అక్కర్లేదు, మడ్‌గార్డులూ బెల్లూ ఉంటే చాలు. కాలవగట్టుకీ అడవికీ మాత్రం కాస్త వెడల్పు టైర్లు ఉండాలి. ఎడమ పక్కనే ఉండండి, నడిచేవాళ్ళ వెనక దూరం నుంచే ఒకసారి బెల్ కొట్టి, దాటేటప్పుడు థాంక్యూ చెప్పండి. సొరంగాల్లో దీపాలున్నా మీ లైటు వేసుకోండి, ఎదుటివాళ్ళకి మీరు కనబడాలి. బాత్ చేరాక నది పక్క దారి పట్టుకుని స్టేషన్‌కి వెళ్ళి, రద్దీ వేళ కాకుండా చూసుకుని సైకిల్‌తో సహా రైలెక్కితే పావుగంటకల్లా బ్రిస్టల్‌లో ఉంటారు.